ఖాళీ గడిలో పెండ్లికొడుకు

పెండ్లి ఆగిపోవాలంటే మామూలుగా ఏదో ఒక గట్టి కారణం ఉండాలి. మర్యాదలు తక్కువై ఉండాలి, లేదా కూరలో ముక్కలు తక్కువై ఉండాలి. ఈ రెంటికీ ఏ లోటూ లేని ఒక పెండ్లిని, నల్లగొండలో, పట్టపగలు, బ్యాండు మోగుతుండగా, నేను ఒకే ఒక్క వాక్యంతో ఆపినంత పని చేశాను. ఆ వాక్యం నోటితో అన్నదైనా కాదు. కంప్యూటర్ తెర మీద రాసి, దానికి బంతిపూల దండ వేసి మరీ చూపించాను.

ఈ సంగతి మా వైపు చాలామందికి తెలుసు. కాకపోతే తెలిసిందంతా తప్పు. నేను ఆ పిల్లను ప్రేమించాననీ, మనసు చంపుకోలేక అట్లా చేశాననీ కొందరంటారు. పెండ్లికొడుకు తరఫు కొల్లాపూర్ వాళ్ళ మీద మా ఇంటికి పాత పగ ఉందని ఇంకొందరంటారు. నాకిప్పుడు యాభై దాటింది. పొద్దున్నే బీపీ గోళీ వేసుకునే మనిషికి భగ్న ప్రేమికుడని పేరుండటం వినడానికి బాగానే ఉంటుంది. అయినా నిజం చెప్పకుండా పోవడం న్యాయం కాదు. ఆ పిల్లను నేను పెండ్లి రోజు దాకా చూడనే లేదు. నేను ప్రేమించింది నా పేరును.

అది తొంభైల చివర. హైదరాబాదులో కంప్యూటర్ కోర్సు పూర్తి చేసి నల్లగొండకు తిరిగి వచ్చాను. తిరిగి వచ్చాననడం కంటే దిగి వచ్చాననడమే సరైన మాట. చెప్పుల దుకాణంలో సైజు అడిగితే "సెవెన్ పాయింట్ జీరో" అన్నానని మా బాపు చాలా ఏండ్లు అందరికీ చెప్పుకున్నాడు. బాపు బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఆయనకు కొడుకు కోర్సు మీద నమ్మకం లేదు గానీ, కొడుకు మీద కొద్దిగా ఉండేది. ఆ కొద్దిగా కూడా ఎట్లా పోయిందో చెప్పడమే ఈ కథ.

పానగల్ పోయే దారిలో ఖాదర్ భాయ్‌కి ఒక ఫంక్షన్ హాల్ ఉండేది. ఖాదర్ భాయ్ ఎంత అనుభవం గల మనిషంటే, హిందువుల పెండ్లిలో జీలకర్ర బెల్లం వేళకు తమలపాకులు ఏ సంచిలో ఉన్నాయో పంతులు గారికి ఆయనే చూపించేవాడు. ఆయనకున్న దిగులు ఒక్కటే, థర్మకోల్. గేటు మీద 'ఫలానా వెడ్స్ ఫలానా' అని థర్మకోల్ అక్షరాలు కోయించి అంటించాలి. గాలి వస్తే ఒక అక్షరం రాలిపోయేది. మేక వస్తే సగం పేరు పోయేది. తన హాల్లో సగం పేర్లతోనే కాపురాలు మొదలుపెట్టిన వాళ్ళు చాలామంది ఉన్నారని ఆయన నొచ్చుకునేవాడు.

నేను ఛాతీ విరుచుకుని చెప్పాను. "థర్మకోల్ బంద్ చెయ్యి భాయ్. గేటు కాడ కంప్యూటర్ పెడదాం. తెర మీద వాక్యం ఒకటే ఉంటది. ఫలానా ఊరు వాస్తవ్యులు ఫలానా గారి కుమారుడు చిరంజీవి ఫలానా, అని. గా ఫలానాలన్నీ ఖాళీ జాగాలు. లోపల వేరేగ గడులుంటయి. ఒక్కో జాగాను ఒక్కో గడికి కట్టేస్త."

"కట్టేసుడంటే? తాడుతోనా?"

"కనపడని తాడు. మేకను గుంజకు కట్టినట్టే. గుంజ ఎటు జరిగితే మేక అటే వస్తది. గడిల పేరు మారిస్తే తెర మీద వాక్యంల పేరు దానంతట అదే మారుతది. దీన్నే బైండింగ్ అంటరు."

ఖాదర్ భాయ్ కాసేపు గడ్డం నిమురుకున్నాడు. తర్వాత నిరాశగా, "మల్ల మేకనేనా?" అన్నాడు. అయినా ఒప్పుకున్నాడు.

గేటు పక్కన చౌకీదారు గది ఉండేది. దాని కిటికీలో తెరను జనం వైపు తిప్పి, ఎవరూ ఎత్తుకుపోకుండా చుట్టూ చెక్క చట్రం కట్టి మేకులు కొట్టించాడు ఖాదర్ భాయ్. దొంగల నుంచి తెరకు ఎంత రక్షణ దొరికిందంటే, నా నుంచి కూడా దొరికింది. గదిలో కూర్చుంటే నాకు కనిపించేది దాని వీపు మాత్రమే. అందుకని ముందు రోజే కీబోర్డును పొడుగు వైరుతో కిటికీ సందులోంచి బయటికి లాగి, పాన్ డబ్బా ముందు నిలబడ్డట్టు నిలబడి పేర్లు కొట్టేవాడిని. పెండ్లి రోజు గదిలో దర్జాగా కూర్చుని, బయట జనం నోళ్ళు తెరుచుకుని చూస్తుంటే వాళ్ళ గొంతులు వింటూ ఆనందించేవాడిని.

ఇక అసలు పాపం దగ్గరికి వస్తాను. మా కోర్సులో సారు ఒక మాట చెప్పారు. గడి ఖాళీగా ఉంటే వాక్యంలో పన్ను ఊడినట్టు సందు కనిపిస్తుంది, అందుకని 'ఏమీ లేకుంటే ఇది చూపించు' అని ప్రతి జాగాకూ ఒక మాట ముందే రాసి పెట్టండి అన్నారు. నేను బుద్ధిమంతుడిలాగే రాశాను. ఊరు లేకుంటే 'స్థానిక' అని, తండ్రి పేరు లేకుంటే 'పెద్దలు' అని, పెండ్లికూతురు పేరు లేకుంటే 'పేరు తర్వాత తెలుపబడును' అని. పెండ్లికొడుకు జాగా దగ్గరికి వచ్చేసరికి చేయి ఆగింది. చుట్టూ చూశాను. ఎవరూ లేరు. 'శ్రీశైలం' అని కొట్టాను.

పరీక్ష కోసమే. నమ్మండి. వాక్యం సరిగ్గా కూర్చుంటుందా లేదా అని చూడటానికి ఏదో ఒక పేరు కావాలి కదా. లోకంలో ఇన్ని పేర్లుండగా నా పేరే ఎందుకు దొరికిందని మీరడిగితే ఉన్న మాట చెప్తాను. పెండ్లీడు వచ్చింది, సంబంధాలు రాలేదు, పెండ్లి బోర్డు మీద పేరు ఎట్లా ఉంటుందో చూసుకోవాలని ముచ్చట. గడులన్నీ చెరిపి వాక్యాన్ని రోజూ ఒకసారి చూసుకునేవాడిని. 'చిరంజీవి శ్రీశైలం వెడ్స్ పేరు తర్వాత తెలుపబడును.' నా జీవితానికి అంతకంటే నిజమైన వాక్యం అప్పటికి ఎవరూ రాయలేదు. ఆలు లేదు చూలు లేదు, పెండ్లికొడుకు పేరు శ్రీశైలం.

తర్వాత తీసేద్దామనుకున్నాను. కానీ తొందరేముంది? ఊరు పేరు మరిచిపోయే వాళ్ళుంటారు, పెద్దాయన పేరు తప్పు చెప్పే వాళ్ళుంటారు. పేరే లేని పెండ్లికొడుకు మాత్రం ఎక్కడైనా ఉంటాడా?

ఉంటాడు. సత్తెమ్మ గారి అల్లుడు.

సత్తెమ్మ గారిది కేతేపల్లి. గొర్ల మందలున్న ఇల్లు. ఎండాకాలం కావడంతో ఆమె భర్త మల్లయ్య మందను మేపుకుంటూ కృష్ణ ఒడ్డుకు పోయాడు. కూతురు సువర్ణకు కొల్లాపూర్ సంబంధం మాట్లాడిందీ ఖాయం చేసిందీ అంతా సత్తెమ్మ గారే. హాలు మాట్లాడటానికీ ఆమే వచ్చింది. అన్ని వివరాలూ గడగడా చెప్పింది. కొల్లాపూర్, పిల్లగాని తండ్రి బాలయ్య, కేతేపల్లి, మల్లయ్య, సువర్ణ. పిల్లగాని పేరు అడిగేసరికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"గదొక్కటి అడుగకు బిడ్డా."

"పేరు లేకుంటే ఎట్లమ్మా?"

"మా మామ పేరే వానిది సుత."

"మీ మామ పేరేంది?"

"గదే గదా నేను చెప్పరానిది."

మా వైపు పాత కాలపు ఆడవాళ్ళు భర్త పేరు, మామ పేరు నోటితో అనరు. అంటే ఆయుష్షు తగ్గుతుందని కొందరు, మర్యాద తగ్గుతుందని కొందరు. నాకు ఇది తెలియక కాదు. మా అవ్వ కూడా అంతే. ఆదివారం నాడు పుట్టాడని తాతకు ఆ వారం పేరే పెట్టారు. అందుకని ఆమె శనివారం తర్వాత నేరుగా సోమవారానికి దూకేది. కానీ నేను హైదరాబాదులో చదువుకుని వచ్చిన వాణ్ణి. సత్తెమ్మ గారు సాయం చేద్దామని గుట్ట మీది దేవుడని, కంబంలోంచి వచ్చిండని సైగలు చేసింది. అప్పుడే ఆ పేరు కొట్టేస్తే ఈ కథే లేదు. నేను మాత్రం సైగలు కంప్యూటర్‌లోకి ఎక్కవని గంభీరంగా చెప్పాను.

"అయితే కార్డు అచ్చయినంక పంపుత. అప్పటిదాంక ఖాళీగ ఉంచు. ఖాళీగ ఉంటే ఏం గాదు గదా?"

"ఖాళీ అనేదే ఉండదమ్మా," అన్నాను నేను. "కంప్యూటర్ చూసుకుంటది."

చూసుకుంది.

కార్డు వచ్చింది. మంచి కార్డు. చాయ్ గ్లాసు కింద పెట్టుకోవడానికి సరిగ్గా సరిపోయింది. పెండ్లి ముందు రోజు కిటికీ ముందు నిలబడి వాక్యం మొత్తం పైనుంచి కింది దాకా చదివాను. ఊరు సరిగ్గా ఉంది. తండ్రి పేరు సరిగ్గా ఉంది. చిరంజీవి శ్రీశైలం. బాగుంది. పెండ్లికూతురు సువర్ణ. ఇంకా బాగుంది. దండ వేసి ఇంటికి పోయాను. ఎట్లా కనిపించలేదయ్యా అని మీరు తిట్టుకుంటున్నారని తెలుసు. మనిషికి తన పేరు ఎక్కడ కనిపించినా తప్పుగా అనిపించదు. అద్దంలో తన ముఖం చూసి, వీడెవడు మా ఇంట్లోకి వచ్చాడని ఎవరూ అడగరు కదా.

పెండ్లి నాడు పొద్దున కేతేపల్లి వాళ్ళు ట్రాక్టర్లలో దిగారు. వాళ్ళలో చదవడం వచ్చిన ఒకరిద్దరు బోర్డు చదివారట. పిల్లగానికి ఇంట్లో పిలిచే పేరు ఒకటి, బడిలో పేరు ఒకటి ఉందేమో అనుకుని లోపలికి పోయారట. మన జనం అంత మంచి వాళ్ళు.

తర్వాత మా బాపు వచ్చాడు. కొడుకు ఘనకార్యం చూడమని నేనే పిలిచాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని, నూనె రాసుకుని వచ్చి కిటికీ ముందు నిలబడ్డాడు. ఆయనకు బోర్డు కనిపిస్తే పైకి చదవడం ఉద్యోగపు అలవాటు. స్టాపులు పిలిచిన గొంతు అది. గదిలో కూర్చుని చెవులు రిక్కించాను.

"కొల్లాపూర్ వాస్తవ్యులు," అన్నాడు బాపు, "శ్రీ బాలయ్య గారి కుమారుడు, చిరంజీవి శ్రీశైలం."

ఆగాడు. మళ్ళీ చదివాడు. తర్వాత కిటికీ సందులోకి తల పెట్టాడు.

"అరేయ్ కొడుకా. నేను బతికే ఉన్న గదరా. గీ బాలయ్య ఎవడు?"

నాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక చాయ్ గ్లాసు ఎత్తి దాని కిందికి చూశాను. అక్కడ తడిసిన కార్డు మీద బంగారు అక్షరాల్లో 'నర్సింహ' అని ఉంది. సరిగ్గా అప్పుడే రోడ్డు మలుపులో కొల్లాపూర్ బ్యాండు మోగింది.

మగపెండ్లి వారు వస్తే గేటు దగ్గర ఎదుర్కోళ్ళు జరగాలి. ఆడపెండ్లి వారు షర్బత్ గ్లాసులతో ఎదురు వచ్చి, బొట్టు పెట్టి లోపలికి తీసుకుపోవాలి. అందరి కంటే ముందు పిల్లగాని మేనమామ కుర్మయ్య నడుస్తున్నాడు. పెద్ద తలపాగా, అంతకంటే పెద్ద మీసాలు. షర్బత్ గ్లాసు అందుకుని నోటి దాకా తెచ్చి, బోర్డు వైపు చూశాడు. గ్లాసు దించాడు. చేయి పైకెత్తాడు. బ్యాండు ఆగిపోయింది. సన్నాయి ఒక్కటి కాసేపు ఏడ్చి అదీ ఆగింది.

"మా ఊరుంది. మా బావ పేరుంది," అన్నాడు కుర్మయ్య. "పిల్లగాడే లేడు. గీ శ్రీశైలమెవలు?"

అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటారు. ఇక్కడ అన్నీ ఉన్నాయి, అల్లుడి జాగాలో నేనున్నాను. జీపులో పూల మధ్య కూర్చున్న పెండ్లికొడుకు పాపం తన కార్డు తీసి తన పేరు సరిచూసుకున్నాడని తర్వాత విన్నాను.

ఖాదర్ భాయ్ కిటికీ దగ్గరికి ఉరికొచ్చాడు. ఆయన ఉర్దూ చదువుతాడు గానీ తెలుగు అక్షరాలు రావు. జల్దీ పేరు మార్చమని, ఇజ్జత్ పోతోందని గుసగుసగా అరిచాడు. మార్చాలంటే నేను బయటికి పోయి తెర ముందు నిలబడాలి. తెర ముందు కుర్మయ్య నిలబడి ఉన్నాడు. ఆయన చేతి వేళ్ళు ఒక్కోటి చిన్న గొర్రె కాలంత ఉన్నాయి. అందుకని నేను లోపలే ఉండి, తెర వీపును చూస్తూ, గుడ్డిగా కొట్టాలని నిర్ణయించుకున్నాను. ఒక మీట నొక్కితే ఒక గడి నుంచి పక్క గడికి పోతుంది. లెక్క పెట్టుకుంటూ పోవచ్చు. కుర్మయ్య గొంతు వినపడకుండా ఉంటే పోవచ్చు.

"బాపూ, నువ్వు చదువు. నేను మారుస్త," అన్నాను.

గబగబా మీటలు నొక్కి 'నర్సింహ' కొట్టాను. నా బైండింగ్ ఎంత బాగా పని చేసిందంటే, కొట్టిన క్షణమే బయట వాక్యం మారింది. అందులో మాత్రం నా తప్పేమీ లేదు.

"శ్రీ నర్సింహ గారి కుమారుడు చిరంజీవి శ్రీశైలం," చదివాడు బాపు. గొంతు తగ్గించి, "ఇప్పుడు పెండ్లికొడుకే నీకు తండ్రయిండు. నా సంగతి మొత్తానికే తీసేసినవ్," అన్నాడు.

"ఒక గడి ముందుకు పోవాలె. ఆగు." కంగారులో ముందుకు పోయి, ఇంకా ముందుకు పోయి, ఉన్నది చెరిపాను. "ఇప్పుడేమొచ్చింది?"

బయటి నుంచి బాపు దగ్గు ఒక్కటే వినిపించింది.

"బాపూ, ఏమొచ్చింది?"

"నేను చదవ," అన్నాడు బాపు.

చదవాల్సిన పని లేదు. కుర్మయ్య చదివాడు. "చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి... పేరు తర్వాత తెలుపబడును." "పిల్లగాన్ని మార్చిర్రు. పిల్లగాని తండ్రిని మార్చిర్రు. పిల్లను సుత తర్వాత జెప్తరట. ఇగ మేం దేనికొచ్చినట్టు బావా, బువ్వకా?"

బావా అని అడిగింది మల్లయ్యను. ఆయన మందను వదిలి కూతురి పెండ్లికి ముందు రోజే ఇల్లు చేరిన మనిషి. ఈ లోకంలో ఆయనకు అర్థం కాని మొదటి వస్తువు కంప్యూటర్ కాదు గానీ, ఇంత ఖరీదుగా అర్థం కానిది అదే మొదటిది. చేతులు జోడించి నిలబడ్డాడు. కరెంటు పోతే బాగుండునని నేను మా ఇలవేల్పుకు మొక్కుకున్నాను. మామూలు రోజుల్లో తుమ్మితే పోయే కరెంటు నల్లగొండలో ఆ రోజు కొండలా నిలబడింది. చివరికి ఖాదర్ భాయ్ గదిలోకి వచ్చి తీగ పీకేశాడు. తెర నల్లబడింది. దానితో ఉన్న కాస్త సాక్ష్యం కూడా దాచేశారని కొల్లాపూర్ వాళ్ళు ఇంకా గట్టిగా అరిచారు. జీపు ముఖం వచ్చిన దారి వైపు తిరిగింది.

పెద్ద మనుషులు నచ్చజెప్పారు. కార్డులో సరిగ్గానే ఉంది కదా అన్నారు. కుర్మయ్య చెడ్డవాడు కాదు. ఊరి జనం ముందు తలపాగా దిగింది, దాన్ని మళ్ళీ ఎక్కించుకునే దారి కావాలి ఆయనకు. చివరికి ఒక షరతు పెట్టాడు. "సంబంధం ఖాయం చేసింది సత్తెమ్మ చెల్లె. మేం ఎవలి పెండ్లికొచ్చినమో ఆమెనే చెప్పాలె, మైకుల."

అందరూ సత్తెమ్మ గారి వైపు చూశారు. ఆమె చేతిలో షర్బత్ పళ్ళెం అట్లాగే ఉంది. పెదవులు కదిలాయి. ఆమె మల్లయ్య వైపు చూసింది.

"చెప్పది బావా, చెప్పరాదు," అన్నాడు మల్లయ్య. "గది మా నాయిన పేరు."

"తెలుసు. మా ఇంట్ల ఆడోళ్ళు సుత చెప్పరు. కానీ మా ఇజ్జత్ గేటు కాడ పోయింది. గేటు కాడనే తిరిగి రావాలె."

ఇక్కడ నవ్వు కాసేపు పక్కన పెట్టి ఒక మాట చెప్పాలి. తెరకూ చట్రానికీ మధ్య ఉన్న సందులోంచి నాకు ఆమె ముఖం కనిపిస్తోంది. నేను బయటికి వచ్చి, అయ్యా, శ్రీశైలం అంటే నేనే, ముచ్చటపడి నా పేరు పెట్టుకున్నాను, కొట్టేది ఉంటే నన్ను కొట్టండి అంటే సరిపోయేది. రెండు తగిలేవి. పెండ్లి జరిగేది. నేను రాలేదు. గదిలోనే స్టూలు మీద ముడుచుకుని, కంప్యూటర్ ఖరాబైందని సందులోంచి ఒక సన్నని కేక వేశాను. నా పేరు తెర మీద ఎంత ధైర్యంగా నిలబడిందో, నేను అంత పిరికిగా కూర్చున్నాను.

సత్తెమ్మ గారు పళ్ళెం పక్కవాళ్ళకిచ్చింది. జీపు వైపు చూసింది. లోపల పెండ్లి బట్టల్లో కూర్చున్న కూతురి వైపు చూసింది. కొంగు తల మీదికి లాక్కుంది. మైకు పట్టుకుంది.

"మా ఇంటి అల్లుడు," అంది. ఆగింది. మైకులో ఆమె ఊపిరి వినిపించింది. "మా సువర్ణ పెనిమిటి... నర్సింహ."

ఖాదర్ భాయ్ హాలు మైకులంటే మామూలువి కావు. హాలు పైకప్పు మీద రెండు, వెనక వంటల దగ్గర ఒకటి, భోజనాల షామియానా మీద ఒకటి. ఆ పేరు అన్నింట్లోంచీ ఒకేసారి వెళ్ళింది. అప్పుడు షామియానా వైపు నుంచి ఒక ముసలి గొంతు వినిపించింది.

"ఆఁ. ఎవలు పిల్సింది? వస్తున్న ఆగు. బువ్వ సుత తిననియ్యరా?"

మల్లయ్య నాయిన, నర్సింహ తాత. షుగరు మనిషని అందరి కంటే ముందే ఆయనకు విస్తరి వేశారు. ఈ గొడవేమీ ఆయన దాకా పోలేదు. ఎంగిలి చేయి ముందుకు చాపి, గొంగడి భుజాన సర్దుకుంటూ, జనాన్ని తోసుకుంటూ గేటు దాకా వచ్చాడు. ఎవరు పిలిచారని మళ్ళీ అడిగాడు. నీ కోడలే తాతా అన్నారెవరో. ఆయన మైకు పట్టుకున్న కోడలిని చూశాడు. ఆమె సిగ్గుతో, భయంతో కొంగులో పూర్తిగా మాయమైపోయింది. మైకు ఒక్కటే బయట ఉంది.

"నువ్వేనా కోడలా?" అన్నాడు తాత. "మా ఇంటికొచ్చినకాంచి సువర్ణ తాతా, సువర్ణ తాతా అని పిలుస్తివి. గా పిల్ల పుట్టకముందు మంచం తట్టి లేపుతుంటివి. నీ నోట నా పేరు ఇనకుండనే పోతననుకున్న." ఎంగిలి చేతిని గొంగడికి తుడుచుకున్నాడు. "మంచిగనే పలికినవ్ బిడ్డా. ఇంకొక్కపారి అను."

ముందు కుర్మయ్య మీసం కదిలింది. ఆ మీసం కదలడమే ఆలస్యం, గేటు అటు పక్క, ఇటు పక్క నవ్వు లేచింది. బ్యాండు వాళ్ళు ఎవరూ చెప్పకుండానే అందుకున్నారు. కుర్మయ్య వంగి తాత కాళ్ళు మొక్కి, షర్బత్ అడిగి తాగి, మా పిల్లగానికి మంచి పేరే పెట్టుకున్నం అన్నాడు. జీపు ముఖం మళ్ళీ ఇటు తిరిగింది. ముహూర్తానికే తలంబ్రాలు పడ్డాయి.

ఖాదర్ భాయ్ మరునాడే తెర పీకించి, నా చేతికి బ్లేడు, థర్మకోల్ ఇచ్చాడు. ఒక్క మాట కూడా తిట్టలేదు. "మేక అక్షరాలే తిన్నది. నువ్వు పెండ్లికొడుకునే తిన్నవ్," అన్నాడంతే.

ఆ రోజు ఇంటికి పోతూ, కంప్యూటర్ తప్పు చేసిందని బాపుతో కూడా అన్నాను. బాపు క్లాక్ టవర్ దగ్గర ఆగి, "సరే కొడుకా. మరి గా కంప్యూటర్‌కు నీ పేరు ఎవలు జెప్పిర్రు?" అన్నాడు.

జవాబు చెప్పడానికి నాకు కొన్నేండ్లు పట్టింది. చివరికి ఒకనాడు కేతేపల్లి పోయాను. సత్తెమ్మ గారి కాళ్ళ దగ్గర కూర్చుని జరిగిందంతా చెప్పి తప్పయిందన్నాను. ఆమె నా చేతికి మజ్జిగ గ్లాసిచ్చింది. ఆ తర్వాత మళ్ళీ ఎప్పుడూ మామ పేరు అనలేదట. ఆయన మాత్రం పండుగకోసారి అడుగుతాడట. నేను ఇంత పెద్ద తప్పు ఒప్పుకుంటుంటే ఆమె ముఖంలో కోపం గానీ ఆశ్చర్యం గానీ లేదేమిటా అనుకుంటుండగా, నర్సింహ తాత లోపల్నుంచి టీవీ పెట్టమని కేక వేశాడు.

పెండ్లి క్యాసెట్ పెట్టారు. నాకు తెలియని సంగతి ఏమిటంటే, ఆ రోజు పొద్దున్నే, ఏ గొడవా లేనప్పుడే, వీడియో తీసే అతను గేటును, దండను, తెరను దగ్గరగా, తృప్తిగా చిత్రీకరించాడు. క్యాసెట్ మొదలే అది. సినిమా మొదట్లో పేర్లు పడ్డట్టు, మంగళవాయిద్యాల మధ్య 'చిరంజీవి శ్రీశైలం వెడ్స్ సువర్ణ' అని పడింది. ఆ ముక్క కత్తిరిద్దామని అల్లుడు అడిగితే తాత ససేమిరా అన్నాడట. వచ్చిన ప్రతి చుట్టానికీ చూపించాడట. ఆ శ్రీశైలం ఎవరో ఖాదర్ భాయ్ వాళ్ళకు ఎప్పుడో చెప్పేశాడట. ఆ రోజు కూడా ఇద్దరు ముగ్గురు చుట్టాలున్నారు. తాత తెర మీది పేరును, తర్వాత నన్ను, వేలితో చూపించాడు.

"గీడే," అన్నాడు గర్వంగా. "ఫస్టు పెండ్లికొడుకు."

అప్పుడు టీవీ ముందు మజ్జిగ గ్లాసు పట్టుకుని ఒక ప్రతిజ్ఞ చేశాను. ఈ జన్మలో ఇక ఏ ఖాళీ జాగాలోనూ నా పేరు పెట్టను. పరీక్షకు పెట్టను, ముచ్చటకు పెట్టను, తర్వాత తీసేద్దామని అసలే పెట్టను. రైలు సీటు మీద రుమాలు వేయడం కూడా మానేశాను. ఈ నాలుగు ముక్కల కింద రాసినవారి పేరు కోసం కాస్త జాగా వదిలారు. మాట మీద నిలబడే మనిషిని కాబట్టి దాన్ని ఖాళీగానే పంపుతున్నాను. అచ్చులో అక్కడ సంపాదకుల పేరు పడితే నాకు సంబంధం లేదు.